ఫాస్ఫేట్ పెరిగింది, కణాలు మాత్రం నెమ్మదించాయి. తప్పు ఎక్కడ?

పిపెట్_పిల్ల | సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్. ప్రాజెక్టు ఇక్కడే హైదరాబాద్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో చేస్తున్నాను. రిపోర్టు ఇవ్వడానికి ఇంకా ఇరవై రోజులే ఉంది.

ప్లేటు నిండా ఎలుక ఫైబ్రోబ్లాస్టులు (అనుసంధాన కణజాలంలోని కణాలు) పెంచి, 200 మైక్రోలీటర్ల టిప్‌తో మధ్యలో ఒక గీత గీకాను. సగం ప్లేట్లలో సీనియర్ ఇచ్చిన ఒక కాంపౌండ్ వేశాను. 0, 12, 24 గంటలకి ఫొటోలు తీశాను. మామూలు ప్లేట్లలో 24 గంటలకి గీత దాదాపు పూడిపోయింది. కాంపౌండ్ వేసినవాటిలో సగం కూడా పూడలేదు. అంటే కణాలు నెమ్మదిగా నడుస్తున్నాయి. ఇంతవరకు బాగానే ఉంది.

తర్వాత వెస్టర్న్ బ్లాట్ (ఫలానా ప్రోటీన్ ఎంత ఉందో యాంటీబాడీతో చూసే పరీక్ష) చేసి ఎఫ్ఏకే మీద 397వ టైరోసిన్ (ఒక అమైనో ఆమ్లం) దగ్గర ఫాస్ఫేట్ ఎంత పడిందో చూశాను. క్లాసులో చెప్పింది ఏమిటంటే, ఎఫ్ఏకే కణాన్ని నడిపించే ప్రోటీన్, 397 దగ్గర ఫాస్ఫేట్ పడితే అది ఆన్ అయినట్టు. కణాలు నెమ్మదించాయంటే బ్యాండ్ తగ్గాలి కదా. నాకు లావుగా, నల్లగా వచ్చింది! మా గైడ్ చూసి "లేబుళ్లు తారుమారు చేశావా?" అన్నారు. చేయలేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇంతే. బుర్ర పనిచేయడం లేదు.

హబ్సిగూడ_చాయ్ | సోమవారం, రాత్రి 11:58

ముందు పోలీసు ప్రశ్నలు, ఏమనుకోకు చెల్లీ.

మొత్తం ఎఫ్ఏకే బ్లాట్ చేశావా, ఫాస్ఫో ఒక్కటే చేశావా? ప్రోటీనే రెండింతలు ఉంటే ఫాస్ఫేట్ కూడా రెండింతలు కనిపిస్తుంది, అందులో వింతేం లేదు. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా బ్లాకింగ్ దేంతో చేశావు? పాలపొడితో అయితే అక్కడే ఆగు. పాలలో కేసీన్ ఉంటుంది, కేసీన్ ఒళ్లంతా ఫాస్ఫేటే. ఫాస్ఫో యాంటీబాడీకి పాలపొడి వాడితే మెంబ్రేన్ అంతా మసకేస్తుంది. బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్) వాడాలి.

మూడోది అసలైనది. లైసేట్లు (పగలగొట్టిన కణాల ద్రవం) ఏ వరసలో చేశావు? కణాన్ని పగలగొట్టిన క్షణం నుంచి లోపలి ఫాస్ఫటేజ్ ఎంజైములు విచ్చలవిడిగా ఫాస్ఫేట్లు పీకేస్తాయి. కాంపౌండ్ గొట్టాలు ముందు చేసి, మామూలు గొట్టాలు బెంచి మీద పది నిమిషాలు వదిలేస్తే మామూలువాటిలో ఫాస్ఫేట్ పోతుంది. అప్పుడు కాంపౌండ్‌వి ఎక్కువున్నట్టు కనిపిస్తాయి.

పిపెట్_పిల్ల | సోమవారం, రాత్రి 12:10

బీఎస్ఏనే వాడాను అన్నా. మొత్తం ఎఫ్ఏకే ఒకసారే చేశాను, సమానంగా ఉంది. లైసేట్ల విషయంలో మాత్రం దొరికిపోయాను. రెండోసారి చేసినప్పుడు ఐస్ అయిపోయింది, పక్క ల్యాబ్‌కి వెళ్లి తెచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. ఏ గొట్టాలు ఐస్ లేకుండా ఉన్నాయో ఇప్పుడు గుర్తు లేదు.

ఫాస్ఫటేజులను ఆపే వనడేట్ మాత్రం వేశాను.

హబ్సిగూడ_చాయ్ | సోమవారం, రాత్రి 12:14

వనడేట్ మరిగించావా? ఆర్థోవనడేట్ పీహెచ్ 10కి తెచ్చి, పసుపు రంగు పోయి నీళ్లలా అయ్యేదాకా మరిగించాలి. చల్లారాక పీహెచ్ మళ్లీ చూడాలి, మళ్లీ పసుపు తిరిగితే మళ్లీ మరిగించాలి. మా ల్యాబ్‌లో ఒక మహానుభావుడు ఏడాదిపాటు పసుపు రంగుదే వాడాడు. ఏడాది బ్లాట్లు చెత్తబుట్టలోకి.

కోడ్_కొండాపూర్ | మంగళవారం, ఉదయం 8:05

సాఫ్ట్‌వేర్ వాడిని, తప్పుగా అడిగితే క్షమించండి. ఫాస్ఫేట్ అంటే మా నాన్న పొలంలో వేసే డీఏపీ లాంటిదేనా? ఒక ఫ్లాగ్ బిట్ అనుకోవచ్చా, 1 అయితే నడువు, 0 అయితే ఆగు అన్నట్టు?

ఊరికే అడగడం లేదు. అమ్మకి షుగర్, కాలి మీద పుండు నెలన్నర నుంచి మానడం లేదు. ఈ గీత పూడటం, గాయం మానడం ఒకటేనా అనిపించి ఆగాను.

మాస్టారు_మల్కాజిగిరి | మంగళవారం, ఉదయం 9:30

నాయనా, డీఏపీలో ఉన్నదీ ఫాస్ఫేటే, ప్రోటీన్ మీద అతుక్కునేదీ ఫాస్ఫేటే. రసాయనం ఒక్కటే. ఇక్కడ మాత్రం దాన్ని ఒక్కొక్కటిగా తెచ్చి, ప్రోటీన్ గొలుసులో ఫలానా చోటే అతికించే ఎంజైమ్ ఉంటుంది, దాన్నే కైనేజ్ అంటాం. మనిషిలో సుమారు 518 కైనేజులకు జన్యువులు ఉన్నట్టు 2002లో లెక్క తేల్చారు. అతికించినదాన్ని తీసేసేవి ఫాస్ఫటేజులు. ఫాస్ఫేట్ మీద రుణావేశం గట్టిగా ఉంటుంది. అది వచ్చి కూర్చోగానే ప్రోటీన్ ఒళ్లు విరుచుకుని ఆకారం మార్చుకుంటుంది, లేదా పక్కవాడికి కొత్త కొక్కెం దొరుకుతుంది.

ఇది తిరగగలిగిన మార్పు అని 1950లలో సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ చూపించారు. వాళ్లు కండరంలో చక్కెర నిల్వను కరిగించే ఎంజైమ్ మీద పనిచేశారు, కణాల నడక మీద కాదు. నోబెల్ మాత్రం 1992లో వచ్చింది.

ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. ఆ ఏటీపీని కండరంలో మొదట పట్టుకున్నవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫేట్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీ గురించి ప్రకటించాడు.

హబ్సిగూడ_చాయ్ | మంగళవారం, ఉదయం 9:41

మాస్టారూ, ఏ థ్రెడ్ అయినా మీరు సుబ్బారావు గారి దగ్గరికే తీసుకెళ్తారు :)

మాస్టారు_మల్కాజిగిరి | మంగళవారం, ఉదయం 9:50

ఫాస్ఫేట్ థ్రెడ్‌లో ఆయన లేకపోతే ఇంకెక్కడ ఉంటాడయ్యా?

మౌలాలి_మైక్రోస్కోప్ | మంగళవారం, ఉదయం 10:20

ఫ్లాగ్ బిట్ అని ఆ బాబు అన్నాడే, పిపెట్_పిల్ల చిక్కుకున్నదీ అక్కడే. ఆమె కూడా "ఫాస్ఫేట్ ఉంటే ఆన్" అనుకుంది. మన పాఠాలు అలాగే ఉంటాయి, ఆమెని అని లాభం లేదు.

బురద పొలంలో నడిచినవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ముందు కాలు గట్టిగా దిగకపోతే జారిపడతాం. దిగిన వెనక కాలు ఊడిరాకపోతే అక్కడే నిలబడిపోతాం. కణమూ అంతే. ముందు అంచున ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి పొరను ముందుకు తోస్తాయి, చీర కుచ్చిళ్లు విప్పినట్టు పల్చటి రెక్క పరుచుకుంటుంది. ఆ రెక్క కింద ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లు నేలను పట్టుకుంటాయి. పట్టు దొరికిన చోట ఎఫ్ఏకే, సార్క్, పాక్సిలిన్ వగైరా ప్రోటీన్లు వచ్చి చేరతాయి. దీన్నే ఫోకల్ అడ్‌హిషన్ అంటాం. తర్వాత మయోసిన్ అనే మోటారు ప్రోటీన్ లాగుతుంది. ఆఖరికి వెనకున్న పట్టు విడిపోవాలి. ఒక్కో దశకు ఒక్కో ఫాస్ఫేట్ వేయాలి, పని అయ్యాక తీసేయాలి కూడా.

ఇప్పుడు రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్ఏకే పూర్తిగా లేని ఎలుక కణాలు నెమ్మదిగా నడుస్తాయి, వాటిలో ఫోకల్ అడ్‌హిషన్‌లు ఎక్కువగా ఉంటాయి. ఇది 1995లో తేలింది. 1999లో పీటీపీ-పెస్ట్ అనే ఫాస్ఫటేజ్ లేని కణాలను చూశారు. ఫాస్ఫేట్ తీసే పనివాడు లేడు కాబట్టి వాటిలో ఎఫ్ఏకే, పాక్సిలిన్, పీ130కాస్ అనే ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ పేరుకుపోయింది. అవి వేగంగా నడవాలి కదా? అవీ నెమ్మదిగానే నడిచాయి! అడ్‌హిషన్‌లు వాటిలోనూ ఎక్కువే.

ఫాస్ఫేట్ లేకపోయినా నడక లేదు, తీయకపోయినా నడక లేదు. పిపెట్_పిల్లా, నీ బ్లాట్ తప్పు కాకపోవచ్చు.

కోడ్_కొండాపూర్ | మంగళవారం, ఉదయం 10:45

అంటే ఫ్లాగ్ కాదు, లాక్. వేసినవాడే విడుదల చేయకపోతే ప్రోగ్రామ్ మొత్తం వేలాడుతుంది. ఇది మాకు రోజూ ఉండేదే!

మౌలాలి_మైక్రోస్కోప్ | మంగళవారం, ఉదయం 10:52

దగ్గరగానే ఉంది, ఒప్పుకుంటా. తేడా ఒక్కటే, ఇక్కడ వేసేవాడు ఒకడు, విడిపించేవాడు ఇంకొకడు. ఇద్దరికీ జీతం ఇవ్వాలి.

హబ్సిగూడ_చాయ్ | మంగళవారం, ఉదయం 11:15

కథ బాగుంది మేడమ్, కానీ మరీ త్వరగా క్లీన్ చిట్ ఇచ్చేస్తున్నారు. గీత పూడలేదంటే నడవలేదనే కాదు, కణాలు విభజన చెందలేదని కూడా కావచ్చు. 24 గంటల్లో ఫైబ్రోబ్లాస్టులు ఒకసారి రెట్టింపు కావచ్చు. సీరం (కణాలు పెరగడానికి వేసే రక్తరసం) ఎంత వేసింది? మైటోమైసిన్ వేసి విభజన ఆపిందా? కాంపౌండ్ కణాలను చంపుతోందేమో కూడా చూడాలి. చచ్చిన కణం కూడా నడవదు.

పిపెట్_పిల్ల | మంగళవారం, మధ్యాహ్నం 1:30

సీరం 10 శాతం. మైటోమైసిన్ వేయలేదు. తిట్టండి.

హబ్సిగూడ_చాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:34

తిట్టడానికి ఓపిక లేదు, బిర్యానీ తిన్నాను. సీరం 1 శాతానికి దించి మళ్లీ చెయ్. గీత గీకాక రాలిన కణాలను పీబీఎస్ ఉప్పునీళ్లతో రెండుసార్లు కడుగు. ఫొటో తీసే చోట ప్లేటు కింద మార్కర్‌తో గుర్తు పెట్టు, లేకపోతే 24 గంటల తర్వాత ఇంకెక్కడో ఫొటో తీస్తావు.

డాక్టరమ్మ_పాథాలజీ | మంగళవారం, సాయంత్రం 6:20

కొండాపూర్ తమ్ముడూ, ముందు నీకు. ప్లేటు మీద గీత వేరు, షుగర్ పుండు వేరు. అక్కడ రక్తప్రసరణ, నరాల స్పర్శ, ఇన్ఫెక్షన్, షుగర్ కంట్రోల్ అన్నీ కలిసి ఉంటాయి. నెలన్నర దాటిందంటే ఈ థ్రెడ్ చదువుతూ కూర్చోకు, రేపే అమ్మని డయాబెటిక్ ఫుట్ చూసే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లు. చెప్పులు లేకుండా నడవనివ్వకు.

ఇక సబ్జెక్టుకి వస్తే, అందరూ ఫాస్ఫేట్ దగ్గరే ఆగిపోయారు. ప్రోటీన్ మీద చక్కెర అతికించడం కూడా మార్పే. తెల్లరక్తకణం రక్తనాళంలోంచి బయటికి రావాలంటే ముందు గోడ మీద దొర్లుతూ వేగం తగ్గించుకోవాలి. గోడ మీది సెలెక్టిన్ అనే ప్రోటీన్లు దాన్ని పట్టుకునేది కణం పైనున్న ఒక చక్కెర గుత్తి ద్వారా. ఆ గుత్తిలో ఫ్యూకోజ్ అనే చక్కెర తప్పనిసరి. ఫ్యూకోజ్‌ను సరైన గదిలోకి మోసే ప్రోటీన్ పుట్టుకతోనే పాడైతే తెల్లకణం దొర్లలేదు, పుండు దగ్గరికి చేరలేదు. ఈ జబ్బును 1992లో మొదట వర్ణించారు. అలాంటి పిల్లలకు రక్తంలో తెల్లకణాలు కుప్పలుగా ఉంటాయి, ఇన్ఫెక్షన్ ఉన్న చోట మాత్రం చీము పట్టదు.

ఆశ్చర్యం ఏమిటంటే ఆ పిల్లల రక్తం హెచ్ యాంటిజెన్ లేని అరుదైన బాంబే గ్రూపులా కనిపిస్తుంది! హెచ్ యాంటిజెన్ తయారవ్వాలన్నా అదే ఫ్యూకోజ్ కావాలి మరి. (బాంబే గ్రూపు ఉన్న మామూలు మనుషులు కంగారు పడకండి. వాళ్లలో తెల్లకణాలు చక్కగానే నడుస్తాయి.) కొందరు పిల్లలకు ఫ్యూకోజ్ నోటి ద్వారా ఇస్తే మెరుగైంది కూడా. అతికించాల్సిన ముక్క దొరికితే చాలు, కణం మళ్లీ దొర్లడం నేర్చుకుంది.

బేగంపేట_దోమ | మంగళవారం, రాత్రి 9:05

వెనక కాలు ఊడిరావడం అని మౌలాలి మేడమ్ అన్నదానికి మన ఊరి సాక్ష్యం ఒకటి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది, బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోతాం.

దోమ కుట్టినప్పుడు చర్మంలోకి దిగే మలేరియా పరాన్నజీవి, అంటే స్పోరోజాయిట్, సెకనుకు ఒకటి రెండు మైక్రాన్లు జారుతుంది. మీ ఫైబ్రోబ్లాస్ట్ వెంట్రుక మందమంత దూరం పోవడానికి గంటలు పడుతుంది, దీనికి ఒక నిమిషం చాలు. కాళ్లు లేవు, రెక్క లేదు. ట్రాప్ అనే ప్రోటీన్‌తో నేలను పట్టుకుంటుంది, పొర కింద ఉన్న ఆక్టిన్, మయోసిన్ దాన్ని వెనక్కి లాగుతాయి, పురుగు ముందుకు పోతుంది. మరి పట్టు విడిచేదెలా? అక్కడ కత్తెర ఉంది. ఒక ప్రోటియేజ్ ట్రాప్‌ను పొర దగ్గరే కత్తిరిస్తుంది. కత్తిరించే చోటును మార్చేస్తే స్పోరోజాయిట్లు నెమ్మదిగా, తడబడుతూ జారతాయని చూపించారు. ఫాస్ఫేట్ తీయడానికి బదులు ఇక్కడ ప్రోటీన్‌నే కోసేస్తారు. రెండూ విడిపించే పనులే.

మాస్టారు_మల్కాజిగిరి | బుధవారం, ఉదయం 7:10

దోమ మీద ఇంత గౌరవంగా మాట్లాడటం నా జీవితంలో మొదటిసారి వింటున్నాను.

సార్క్ పేరు వచ్చింది కాబట్టి టైరోసిన్ మీద ఫాస్ఫేట్ ఎలా దొరికిందో చెబుతాను, పిల్లలకు ధైర్యంగా ఉంటుంది. కోళ్లలో కణితి తెచ్చే వైరస్‌ను పేటన్ రౌస్ 1911లో పట్టుకున్నాడు. దానిలోని సార్క్ ఒక కైనేజ్ అని 1970ల చివరికి తెలిసింది. అప్పటికి సెరీన్, థ్రియోనిన్‌ల మీదే ఫాస్ఫేట్ పడుతుందని అందరి నమ్మకం. 1979లో టోనీ హంటర్ ఆ అమైనో ఆమ్లాలను విడదీసే పరీక్ష పాత బఫర్‌తోనే నడిపాడు. తాజాది అయితే పీహెచ్ 1.9 ఉండాలి, వాడీ వాడీ అది 1.7కి దిగింది. 1.9 దగ్గర ఫాస్ఫోథ్రియోనిన్, ఫాస్ఫోటైరోసిన్ ఒకేచోట పడతాయి. 1.7 దగ్గర విడిపోయాయి. కొత్త చుక్క కనిపించింది. మామూలు కోడి కణాల్లో ఫాస్ఫేట్ మోసే అమైనో ఆమ్లాల్లో టైరోసిన్ వాటా సుమారు 0.03 శాతమే, వైరస్ సోకితే దాదాపు పదింతలవుతుంది.

బద్ధకంగా బఫర్ మార్చకపోవడం వల్ల పేరొచ్చిన మనిషి ఆయన ఒక్కడే కావచ్చు. మీరు మాత్రం మార్చండి.

హబ్సిగూడ_చాయ్ | బుధవారం, ఉదయం 9:00

ఈ ఫాస్ఫేట్ మోజులో టీచర్లు వదిలేసేవి ఇంకొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. కోఫిలిన్ ఆక్టిన్ పోగులను కోస్తుంది, దాని 3వ సెరీన్ మీద ఫాస్ఫేట్ పడితే కోత ఆగిపోతుంది. అంటే ఇక్కడ ఫాస్ఫేట్ ఆఫ్ స్విచ్. రో ప్రోటీన్‌కి కొవ్వు తోక తగిలిస్తేనే పొర మీద కూర్చుంటుంది. ముందు అంచున రో ఎక్కువైతే ముడుచుకుపోతుందని స్మర్ఫ్1 అనే ఎంజైమ్ దానికి యుబిక్విటిన్ (పారేయమని చెప్పే గుర్తు) కట్టి చెత్తలో పారేయిస్తుంది. బోట్యులినం బ్యాక్టీరియాలో సీ3 అనే ఎంజైమ్ అదే రో మీద 41వ ఆస్పరాజిన్‌కి ఒక ముక్క అతికించి మూలన పడేస్తుంది.

ఆక్టిన్ మొదటి కొసకి ఎసిటైల్ తగిలించే ఎంజైమ్ లేకపోతే కణాలు ఇంకా వేగంగా నడుస్తాయని 2018లో చూశారు. నడక తగ్గించడం కూడా పనే.

మౌలాలి_మైక్రోస్కోప్ | బుధవారం, ఉదయం 9:25

ఈ జాబితా చూసి పిపెట్_పిల్ల అన్ని యాంటీబాడీలూ ఆర్డర్ చేసేస్తుందేమో, వద్దు. నీ దగ్గర ఉన్న ప్రశ్న ఒక్కటే. బ్లాట్ అంటే లక్షల కణాలను మిక్సీలో వేసి తాగడం. ముందు అంచున ఫాస్ఫేట్ పెరిగిందో, తోకలో పేరుకుందో అందులో తెలియదు. ఒక్క రాత్రి టైమ్‌లాప్స్ పెట్టు. ఐదు నిమిషాలకొక ఫొటో. గీత అంచున ఉన్న కణాల తోకలు చూడు.

పిపెట్_పిల్ల | ఆదివారం, రాత్రి 10:15

ఇన్ని రోజులు జవాబు ఇవ్వలేదు, సారీ. మొత్తం మళ్లీ చేశాను.

సీరం 1 శాతం, మైటోమైసిన్ వేసి. తేడా కొంచెం తగ్గింది కానీ పోలేదు. (చాయ్ అన్న సగం కరెక్ట్.) కణాలు చచ్చిపోలేదు, ట్రైపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) వేసి లెక్కపెట్టాను. లైసేట్లు ఈసారి ఒకటి కాంపౌండ్‌ది, ఒకటి మామూలుది, అలా వంతులవారీగా, ఐస్ మీద, కొత్తగా మరిగించిన వనడేట్‌తో. 397 ఫాస్ఫేట్ ఇంకా ఎక్కువే ఉంది. ముందంత కాదు. ఆ రెండో బ్లాట్‌లో కొంత భాగం ఆ కరిగిన ఐస్ పుణ్యమే.

శుక్రవారం రాత్రి టైమ్‌లాప్స్ పెట్టి హాస్టల్‌కి వెళ్లకుండా అక్కడే కూర్చున్నాను. మామూలు కణం రెక్క చాపుతుంది, ఒళ్లు లాక్కుంటుంది, తోక ఠక్కున ఊడి లోపలికి పోతుంది. కాంపౌండ్ కణాలు రెక్క బాగానే చాపాయి. మధ్యభాగం ముందుకు వచ్చింది. తోక మాత్రం అక్కడే అతుక్కుపోయి, జీడిపాకంలా సాగి సాగి, ఒక్కోసారి రెండు గంటలదాకా ఊడలేదు. కొన్నింటిలో తోక ముక్క తెగి నేల మీదే మిగిలిపోయింది. పాక్సిలిన్‌కి రంగు వేస్తే తోకలో లావుపాటి గీతలు. మామూలువాటిలో సన్నటి చుక్కలే.

మా గైడ్ వీడియో నాలుగుసార్లు చూశారు. లేబుళ్ల మాట మళ్లీ ఎత్తలేదు. "ఈ కాంపౌండ్ ఏదైనా ఫాస్ఫటేజ్‌ని ఆపుతోందేమో చూడు" అన్నారు. ఇది నేనే చెప్పాలనుకున్నాను, ఆయనే ముందు అనేశారు.

మౌలాలి_మైక్రోస్కోప్ | ఆదివారం, రాత్రి 10:22

జీడిపాకం! ఆ వీడియో నాకు కావాలి.

హబ్సిగూడ_చాయ్ | ఆదివారం, రాత్రి 10:30

సగం కరెక్ట్ అన్నావు, చాలు, ఈ వారానికి. రిపోర్టులో మాత్రం "ఫాస్ఫటేజ్‌ని ఆపుతోంది" అని రాయకు. "ఆపుతూ ఉండవచ్చు" అని రాయి. పీటీపీ-పెస్ట్ కణాల మాట డిస్కషన్‌లో పెట్టు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎవరొచ్చినా మొదటి ప్రశ్న అదే అడుగుతారు.

కోడ్_కొండాపూర్ | ఆదివారం, రాత్రి 10:48

కంగ్రాట్స్ చెల్లీ. డాక్టరమ్మ గారూ, గురువారం అమ్మని తీసుకెళ్లాం. పుండు శుభ్రం చేసి, పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పు ఇచ్చారు. పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

డాక్టరమ్మ_పాథాలజీ | ఆదివారం, రాత్రి 11:05

మంచి పని చేశావు. ఆ చెప్పు ఇంట్లో కూడా వేయించు. బాత్‌రూమ్‌కి వెళ్లేటప్పుడు విప్పేస్తారు, అక్కడే తేడా వస్తుంది.

పిపెట్_పిల్ల | ఆదివారం, రాత్రి 11:20

ఒక చిన్న సాయం. ఫాస్ఫో పాక్సిలిన్ యాంటీబాడీ, 118వ టైరోసిన్‌ది, ఎవరి దగ్గరైనా అడుగున ఐదు మైక్రోలీటర్లు మిగిలి ఉందా? కొత్తది ఆర్డర్ చేస్తే నెల పడుతుంది, నాకు మిగిలింది పధ్నాలుగు రోజులు.

హబ్సిగూడ_చాయ్ | ఆదివారం, రాత్రి 11:24

ఆరు ఉంది. రేపు పొద్దున తార్నాక సిగ్నల్ దగ్గర, ఎనిమిదిన్నరకి. ఐస్ బాక్స్ నువ్వే తెచ్చుకో. ఐస్‌తో సహా.